పాఠశాల దంత సీలెంట్ కార్యక్రమం

పాఠశాల దంత సీలెంట్ కార్యక్రమం అనగా, బడి ఆవరణలోనే పిల్లల దవడపళ్ళ నమిలే తలంపై ఉన్న సన్నని గుంటలను పలుచని రక్షణ పూతతో మూసివేసే కార్యక్రమం. బ్రష్షు కుచ్చులు చేరలేని ఈ గుంటలలోనే పిల్లలకు పిప్పిపళ్ళు ఎక్కువగా మొదలవుతాయి.

చరిత్ర

ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకుగా చేస్తే రెసిన్ గట్టిగా అంటుకుంటుందని 1955లో అమెరికా పరిశోధకుడు మైకేల్ బ్యునోకోర్ చూపాడు. సీలెంట్లకు ఇదే పునాది.

విధానం

శాశ్వత దవడపళ్ళలో మొదటివి సుమారు 6 ఏళ్ళకు, రెండవవి 12 ఏళ్ళకు వస్తాయి. అందువలన ఆ వయసు పిల్లల తరగతులను ఎంచుకుంటారు. తల్లిదండ్రుల అనుమతి తీసుకొని, పంటిని శుభ్రపరచి, ఆమ్లం పూసి, కడిగి, ఆరబెట్టి, రెసిన్ పూసి కాంతితో గట్టిపరుస్తారు. సూది, డ్రిల్లు అవసరం లేదు. పూతకు ముందు పంటికి ఉమ్మి తగిలితే సీలెంట్ త్వరగా ఊడిపోతుంది. తడి లేకుండా చూడడం కష్టమైనచోట గ్లాస్ అయానోమర్ వాడవచ్చు. పూతలు నిలిచాయో లేదో ఏడాదిలోగా మళ్ళీ చూడాలి. ఇప్పటికే గుంతపడిన పళ్ళున్న పిల్లలను ఆసుపత్రికి పంపాలి.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకారం సీలెంట్లు దవడపళ్ళలో 80% పుచ్చులను రెండేళ్ళపాటు నివారిస్తాయి.

తెలంగాణలో

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే 30 ఆరోగ్య సమస్యలలో దంతక్షయం ఒకటి. వరంగల్ జిల్లాలోని వర్ధన్నపేట వంటి మండలాలలో బడి పిల్లలకు ఈ పరీక్షలే ఆధారం. నిబంధనల ప్రకారం సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు ఉంటారు, దంతవైద్యుడు ఉండడు. కనుక ఈ బృందం పుచ్చును గుర్తించగలదు గాని, పుచ్చకముందే పూత వేయలేదు. ఆ లోటు తీరాలంటే పరీక్ష జరిగే రోజుననే దంతవైద్యుడు, పరికరాలు బడికి చేరాలి.