కత్తిరింపుల నుంచి గ్రంథాల దాకా – తుర్లపాటి కుటుంబరావుగారు

మన ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. చరిత్ర అనగానే చాలామందికి రాజులు, శాసనాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మన బెజవాడలోనే ఉండి, పత్రికకు రాసిన చేత్తోనే దేశనాయకుల చరిత్రలు రాసిన తుర్లపాటి కుటుంబరావుగారు గుర్తుకొచ్చారు.

కృష్ణాతీరానికి పత్రికలు కొత్త కాదు. 1902లోనే బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వంలో అది స్వాతంత్ర్యోద్యమానికి గొంతుక అయింది. స్వాతంత్ర్యం వచ్చాక బెజవాడ వంతు వచ్చింది. 1952లో విశాలాంధ్ర, 1960 జూలై 1న నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే వెలువడ్డాయి.

అటువంటి ఊళ్ళో 1933 ఆగస్టు 10న కుటుంబరావుగారు జన్మించారు. మీసాలు రాని వయసులోనే కలం పట్టారు. ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి వద్ద కార్యదర్శిగా పనిచేశారు. పంతులుగారు కూడా ఒకప్పుడు మద్రాసులో 'స్వరాజ్య' పత్రిక నడిపి, సంపాదించినదంతా దేశానికి ధారపోసిన మనిషి. అటువంటి పెద్దమనిషిని దగ్గరగా చూడటం ఏ కళాశాలలోనూ దొరకని చదువు. తరువాత ఆంధ్రజ్యోతిలో దీర్ఘకాలం పనిచేశారు.

ఆయన పేరు చెప్పగానే మా తరానికి 'వార్తల్లోని వ్యక్తి' శీర్షిక గుర్తుకొస్తుంది. ఎక్కడో ఒక దేశంలో ప్రభుత్వం మారుతుంది, ఎవరికో ఒక బహుమతి వస్తుంది. ఆ మనిషి ఎవరు, ఎక్కడివాడు, ఇంతవరకు ఎలా వచ్చాడు అన్నది చిన్న వ్యాసంలో చెప్పేవారు. భోజన విరామంలో మా సెక్షన్‌లో ఒకరు చదివితే మిగతావాళ్ళం వినేవాళ్ళం. నేను ఆ వ్యాసాలను కత్తిరించి, పాత లెడ్జరులో అంటించి దాచుకున్నాను. పదవీ విరమణ తరువాత ఒకనాడు అటక మీద నుంచి దించి చూస్తే చెదలు సగానికి పైగా తినేశాయి. ఆ రోజు నా సర్వీసు రిజిస్టరు పోయినంత బాధ కలిగింది.

పత్రిక వయసు ఒక్కరోజు. పొద్దున్న చదువుతాం, సాయంత్రానికి పొట్లం కడతాం. ఆ సంగతి కుటుంబరావుగారికి మనకన్నా బాగా తెలుసు. అందుకే జీవితచరిత్రలను పుస్తకాలుగా తెచ్చారు. తన అనుభవాలను 'నా కలం – నా గళం' పేరుతో గ్రంథస్థం చేశారు. నా లెడ్జరు పోయింది గాని, ఆయన పుస్తకాలు గ్రంథాలయాల్లో ఉన్నాయి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అటువంటి జీవితచరిత్రల్లో పొగడ్త పాలు ఎక్కువని, నాయకుల లోపాలు కనిపించవని విమర్శించేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. శాసనాలు పరిశోధించేవారి చరిత్ర వేరు, ఇది వేరు. కాని పల్లెటూరి కుర్రవాడికి, పెద్ద గ్రంథాలు కొనలేని గుమాస్తాకు దేశనాయకులను పరిచయం చేసింది ఇటువంటి చిన్న పుస్తకాలే. మొదటి మెట్టు లేకుండా మేడ ఎక్కలేం గదా!

కలంతో పాటు గళం కూడా ఆయన సొత్తే. వేలాది సభల్లో మాట్లాడి 'ఉపన్యాస కేసరి' అనిపించుకున్నారు. 2002లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. మనలాగా యాభై ఎనిమిదికో అరవైకో ఆయన కలం విరమణ తీసుకోలేదు. 2021 జనవరిలో బెజవాడలోనే కన్నుమూశారు.

మిత్రులారా! మనం పద్మశ్రీలం కాకపోవచ్చు. కాని 1977 దివిసీమ ఉప్పెన నాటి సహాయక పనులు చూసినవారు, ప్రకాశం బ్యారేజి కట్టడం చిన్నతనంలో చూసినవారు మనలో ఉన్నారు. ఆ సంగతులు ఏ దస్త్రంలోనూ ఉండవు. చెదలు పట్టకముందే నాలుగు పేజీలు రాసి మనవలకు ఇవ్వండి, ఒక ప్రతి మన సంఘానికీ పంపండి.