బగ్‌జిల్లాకు వేసిన తాళం

పోయిన ఎపిసోడ్‌లో నెట్‌స్కేప్ గురించి మాట్లాడుకున్నాం. 1998 జనవరిలో తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేస్తానని ప్రకటించి, మార్చి 31న ఆ కంపెనీ ఇచ్చేసింది. బాగానే ఉంది. మరి ఆ కోడ్‌లో తప్పు కనబడితే ఎవరికి చెప్పాలి, ఎక్కడ రాసి పెట్టాలి? అందుకోసం వచ్చిందే బగ్‌జిల్లా.

రాసినాయన టెర్రీ వైస్‌మన్. మొదట టీసీఎల్ భాషలో రాసి, బయటకు ఇచ్చే ముందు పెర్ల్‌లోకి మార్చారు. అప్పట్లో పెర్ల్ తెలిసినవాళ్లు ఎక్కువ, సాయం పట్టడానికి నలుగురు వస్తారని ఆశ. సమాచారం మైఎస్‌క్యూఎల్‌లో ఉంటుంది, ముందు అపాచీ సర్వర్ నిలబడుతుంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. వెబ్ సర్వర్‌కు మొదట్లో తెలిసిన పని ఫైల్ అడిగితే తీసి ఇవ్వడం, అంతే. "ఈ ఫైల్‌ను చూపించకు, నడిపించు, అది ఏం చెబితే అది చూపించు" అనే పద్ధతి సీజీఐ. 1993లో అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీలోని ఎన్‌సీఎస్‌ఏ వాళ్లు తెచ్చారు. వాళ్ల సర్వర్‌కే మార్పులు చేసుకుంటూ పోతే 1995లో తయారైంది అపాచీ. అందుకే బగ్‌జిల్లా పెట్టేటప్పుడు ఆ ఫోల్డర్‌లో సీజీఐ ఫైళ్లను నడపమని అపాచీకి విడిగా చెప్పాలి. చెప్పకపోతే తెర మీద పేజీకి బదులు పెర్ల్ కోడ్ కనిపిస్తుంది, లేదా అనుమతి లేదంటుంది.

అసలు ప్రమాదం అది కాదండీ. చెక్‌సెటప్ అనే స్క్రిప్టు లోకల్‌కాన్ఫిగ్ అనే ఫైల్ తయారు చేస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ అందులోనే, మామూలు అక్షరాల్లో. అదీ వెబ్‌కు తెరిచిన ఫోల్డర్‌లోనే! కాపలాకు డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఇంకో ఫైల్ పెడుతుంది. ఆ కాపలా మాట వినాలా వద్దా అన్నది మాత్రం అపాచీ ప్రధాన కాన్ఫిగరేషన్‌లో అలౌఓవర్‌రైడ్ అనే లైన్ చెబుతుంది. అక్కడ 'నన్' అని ఉంటే అపాచీ ఆ ఫైల్ వైపు చూడను కూడా చూడదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

2006లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో నేనే పెట్టాను బగ్‌జిల్లా. పేరు వద్దులెండి. విదేశంలో ఉన్న క్లయింట్ కూడా చూడాలి కాబట్టి ఇంటర్నెట్‌కు తెరిచాం. లాగిన్ పేజీ వచ్చింది, నా పని అయిపోయిందనుకున్నాను. బయటనుంచి ఆ ఫైల్ దొరుకుతోందా అని చూసే టెస్ట్‌సర్వర్ స్క్రిప్టు బగ్‌జిల్లాతోనే వస్తుంది. నేను నడపలేదు. పదకొండో రోజు టెస్టింగ్‌లో ఉన్న మేడం పిలిచారు. "ఇదేంటి బాబూ, అడ్రస్ చివర లోకల్‌కాన్ఫిగ్ అని కొడితే పాస్‌వర్డ్ వస్తోంది?" అన్నారు. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది. క్లయింట్ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా సరిచేయని లోపాలన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి మరి.

లైన్ మార్చడానికి, అపాచీని రీస్టార్ట్ చేయడానికి రెండు నిమిషాలు. పాస్‌వర్డ్ మార్చడానికి ఇంకో రెండు.

తప్పు నాదే, కాదనను. కానీ తాళం ఒక ఫైల్‌లో, దాన్ని పట్టించుకునే ఆజ్ఞ ఇంకో ఫైల్‌లో పెట్టిన ఆ ఏర్పాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. 2012లో వచ్చిన అపాచీ 2.4లో ఆ లైన్ అసలు రాయకపోయినా 'నన్' అనే లెక్క. అంటే పాత కాన్ఫిగరేషన్‌నే నమ్ముకుని కొత్త వెర్షన్‌కు మారినవాళ్లకూ నా గతే పట్టవచ్చు.

ఆ సాయంత్రం యాక్సెస్ లాగ్ తెరిచి ఆ ఫైల్ పేరు వెతికాను. మూడుసార్లు వెళ్లింది. రెండు మా ఆఫీసువే, మేడం చూసినవి. మూడోది అంతకు నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున, మేము ఎప్పుడూ చూడని అడ్రస్ నుంచి. ప్రింట్ తీసి, మేనేజర్ గారి గదిలోకి వెళ్లాను.