కత్తిసామున కత్తి యెన్నిక: కోనసముద్రపు ఉక్కు, తంజావూరి ఆయుధశాల

1855లో తంజావూరి చివరి మరాఠా రాజు రెండవ శివాజీ పురుషసంతానము లేక మరణింపగా, కంపెనీవారు ఆ సంస్థానమును రద్దుచేసిరి. పిమ్మట కొలదియేండ్లకే కోటలోని ఆయుధశాల చెదరిపోయెను. నాయకరాజుల కాలమునుండి కూడుచు వచ్చిన కత్తులు, కఠారులు, ఈటెలు, అంకుశములు రాసులుగా బయటపడెను. వానిలో ఏరిన కొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరెను. తక్కినవానిని విరుగగొట్టి పాతయినుముగా తూచి అమ్మివేసిరి. మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసిన వాల్‌హౌసు ఈ సంగతిని 1878లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్రాసియుంచెను.

ఏరినవారి చూపు మ్యూజియమునకు తగిన చూపు. పిడిమీది యాళియు, చిలుకయు, మకరమును వారి కంటికి ఆనెను. సాముచేయువాడొకడు ఆ రాసియెదుట నిలిచియుండినచో, అతడు వేరొక కత్తిని చేతికి తీసికొనెడివాడు. పిడిని చూచుటకు ముందు అలుగును చూచెడివాడు. చూచుటకు ముందు దానిని మ్రోగించి వినెడివాడు. ఆ యెన్నిక యెట్టిదో తెలిసికొనుటకు నేడు మనకు మిగిలిన దారులు మూడు: ప్రాచీన శాస్త్రగ్రంథములు, ఉక్కు కరగించిన ఊళ్ళనుగూర్చిన వ్రాతలు, తూకమునకు పోక మిగిలిన ఆయుధములు.

తంజావూరిని 1532 మొదలు 1673 వరకు ఏలిన నాయకులు తెలుగువారు. విజయనగర ప్రభువుల దండులతో దక్షిణమునకు వచ్చి కావేరీతీరమునను, మధుర సీమలోను నిలిచిపోయిన కుటుంబములలో పెక్కింటికి కత్తియే జీవనాధారము. సాము, గరిడి యను మాటలు వారు తెచ్చుకొన్నవే. గరిడి యనగా సాము నేర్చెడి చోటు. కన్నడసీమలో నేటికిని 'గరడిమనె' యను పేర వ్యాయామశాలలు కలవు. తుళునాట కోటి చెన్నయ వీరుల గుడులను 'గరొడి' యందురు. విజయనగరమున ద్వంద్వయుద్ధమునకు గొప్ప మన్నన యుండెడిదనియు, మంత్రి యనుమతి లేక ఎవరును దానికి దిగరాదనియు, గెలిచినవానికి చచ్చినవాని ఆస్తి దక్కెడిదనియు పదునారవ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. అట్టి పందెమునకు దిగువాడు కత్తిని అందమునకై ఎన్నుకొనడు.

ఇక శాస్త్రము మాట. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖడ్గలక్షణమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఉత్తమఖడ్గము ఏబది అంగుళములు, కనిష్ఠము ఇరువదియైదు. ఈ అంగుళము బడిపిల్లల కొలబద్దపై నుండు అంగుళము కాదు, వ్రేలి వెడల్పు; కావున ఏబది యనినచో ఇంచుమించు మూడడుగుల పైచిల్లర. కత్తిమీద గంటు బేసి అంగుళమున పడిన అశుభమట, సరి అంగుళమున పడిన శుభమట. కారణము లేక కత్తిని ఒరనుండి దూయరాదనియు, అందు ముఖము చూచుకొనరాదనియు, దాని వెలయు, పుట్టిన దేశమును పలుకరాదనియు నిషేధములు కలవు. వెల చెప్పరాదను నియమము వర్తకులకు మాత్రము రుచించి యుండదు!

శకునములను ప్రక్కకు నెట్టి చూచినచో గట్టి పనితనము కనబడును. అరటిబూడిద క్షారమును మజ్జిగతో కలిపి, ఒకదినము నిలువయుంచి, అందు నీరుపట్టిన ఇనుము చక్కగా సానపట్టబడినచో రాతిమీదను విరుగదనియు, ఇతర లోహములమీదను మొక్కపోదనియు వరాహమిహిరుడు చెప్పెను. విరుగకుండుట, మొక్కపోకుండుట అను ఈ రెండు గుణములు ఒకదానికొకటి విరుద్ధములు. పదును నిలువవలెనన్న ఉక్కు కఠినముగా నుండవలెను; కఠినమైనకొలది అది పెళుసగును. ఒకే కత్తిలో రెండును కోరుటయే పరీక్ష యొక్క సారము.

భోజుని పేర నున్న యుక్తికల్పతరువు ఖడ్గజ్ఞానమును ఎనిమిది అంగములుగా విభజించెను: అంగము, రూపము, జాతి, నేత్రము, అరిష్టము, భూమి, ధ్వని, మానము. వీనిలో సాముగానికి నిజముగా అక్కరకు వచ్చునది ధ్వని. హంసకూతవలెను, కంచువలెను, మేఘమువలెను, ఢక్కవలెను మ్రోగునది మంచిది. కాకివలెను, తంత్రివలెను, గాడిదవలెను, రాయివలెను పలుకునది చెడ్డది. ఇది కవిత్వముగా తోచవచ్చును గాని, సంతలో కుండ కొనునప్పుడు మన ఇల్లాండ్రు వ్రేలితో కొట్టి వినుటయు ఇదియే. లోపల సన్నని పగులున్నచో మ్రోత ఆగిపోవును. సాగగొట్టునప్పుడు పడిన పొర గాని, నీరుపట్టునప్పుడు పుట్టిన చీలిక గాని కంటికి కనబడకపోయినను చెవికి దొరకును.

అలుగు పుట్టుక ఉక్కులో నున్నది. ఆంగ్లములోనికి పోయిన 'వూట్జు' అను మాట తెలుగు కన్నడములందలి మన ఉక్కే యని పెక్కుమంది విద్వాంసుల అభిప్రాయము. 1795లో లండను రాయల్ సొసైటీలో పియర్సన్ చదివిన వ్యాసముతో ఆ పేరు ఐరోపా శాస్త్రజ్ఞులలో వ్యాపించెను. అంతకు నూరేండ్లకు పైబడియే, గోలకొండ రాజ్యపు ఉక్కుననే నీటిచారలు తేలునని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసియుండెను. చిన్నరొట్టె ప్రమాణమున నుండు ఆ ముద్దను కొనువారు, మోసము లేదని తెలిసికొనుటకు రెండుగా కోసి చూచెడివారట. ఒక్కొక్క సగము ఒక్కొక్క కత్తికి సరిపోయెడిది. కత్తి యెన్నిక, కత్తి పుట్టకమునుపే మొదలైనదన్నమాట.

నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఈ పని జరుగుటను వాయిసీ యను ఆంగ్లేయుడు కన్నులార చూచి వ్రాసెను. ఆ వ్రాత అతని మరణానంతరము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును మూడుకు రెండు పాళ్ళలో మూసలలో పెట్టి, మట్టితో మూసి, కొలిమి నూదెడివారు. ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడొకడు ఆ పల్లెలో నిలిచి, తనకు కావలసిన ఉక్కును దగ్గరుండి చేయించుకొనుచుండెను. ఎన్ని వందల క్రోసుల దూరమునుండి వచ్చెనో! నమ్మకమైన ముద్ద ఎచ్చట దొరకునో తెలిసినవాడు మధ్యవర్తిపై ఆధారపడలేదు. మైసూరు సీమలోను, సేలములోను మూసలో ఇనుముతోపాటు తంగేడుకట్టె పెట్టెడివారు. చిత్రదుర్గము జిల్లా ఘట్టిహొసహళ్ళిలో అట్టి మూసల తునకలు దొరకినవి. తంగేడుకట్టె బొగ్గై ఇనుములో కలియుటచే నూటికి ఒకటిన్నర పాళ్ళ ప్రాంతమున కర్బనము చేరి, ఉక్కు పుట్టెడిది.

ఈ ముద్దను మిక్కిలి వేడి చేయక, ఓపికతో సాగగొట్టి, నునుపుచేసి, అన్నభేది నీటితో తుడిచినచో అలుగుమీద చారలు తేలును. పారశీకులు దీనిని జౌహరు అనిరి. ఉక్కులో స్వల్పాంశముగా నుండు వనేడియము వంటి ధాతువులచే కర్బనపు కణములు వరుసలుగా ఏర్పడునని వెర్హోవెన్ మున్నగు అమెరికా లోహశాస్త్రజ్ఞులు 1990 దశాబ్దమున నిరూపించిరి. అనగా గనిని బట్టియే చార. కమ్మరి యెంత నేర్పరియైనను, వేరొక గని యినుముతో అది రాకపోవచ్చును. చార యున్నంతమాత్రమున కత్తి మంచిదని చెప్పుటకును వీలులేదు. మామూలు ఇనుముపై ద్రావకముతో చారలు గీసి అమ్మిన సందర్భములు కలవు. నిజమైన చారలుండియు నీరు ఎక్కువై విరిగిన కత్తులును కలవు.

ఇచ్చట మనవారు సాధారణముగా చెప్పుకొను గొప్పకు చిన్న అడ్డు తగులుచున్నది. డమాస్కసు కత్తి మన ఉక్కుతో పుట్టినదనుట నిజమే. కాని తంజావూరి ఆయుధశాలనుండి మిగిలిన కఠారులను పరిశీలించినచో, వానిలో పెక్కింటి అలుగులు ఐరోపానుండి వచ్చినవి! గోవా, నాగపట్టణము వంటి రేవులలో దిగిన పొడవాటి కత్తుల అలుగులను కోసి, ఇచ్చటి పిడులకు బిగించిరి. ఫిరంగి యను పేరే వాని పుట్టుకను చెప్పుచున్నది. ఐరోపా ముద్రలను అనుకరించి ఇచ్చటనే కొట్టిన అలుగులును కలవు. గిరాకి లేని ముద్రను ఎవరును అనుకరింపరు. మన ఉక్కు ఇస్ఫహానుకు పోవుచుండగా, పడమటి కత్తి కావేరీతీరమునకు వచ్చుచుండెను.

తెలుగు ప్రభువుల కొలువున నున్నవారు తెలుగుసీమ ఉక్కును కాదని పరదేశపు అలుగు నేల కొనిరి? అభిమానము లేక కాదు. ఐరోపా అలుగు సన్నమైనది, పొడవైనది, వంచినచో మరల నిటారుగా లేచునది. మూస ఉక్కు కోతకు పేరుపొందినది గాని, ప్రక్కనుండి దెబ్బ తగిలినచో విరుగు భయము కలది. ఒరసికోయు వంపుకత్తికి అది తగును. పొడిచి లాగవలసిన చోట, ఎదుటివాని డాలుపై పడి వంగి మరల నిలువవలసిన చోట, వంగెడి అలుగే ప్రాణము కాపాడును.

పిడిని చూచినచో ఈ సంగతి ఇంకను స్పష్టమగును. తలవారు పిడి ఇరుకుగా నుండును. చివర బిళ్ళ యుండును. ఆ బిళ్ళ మణికట్టును ఒకంత కట్టివేసి, చేతిని మొత్తముగా లాగి కోయునట్లు చేయును. పిడి చేతికి బిగువుగా పట్టకున్న ఆ కోత రాదు. తెల్లవారి చేతులకు ఆ పిడులు చిన్నవని వెక్కిరించినవారు వాని పనిని గుర్తింపలేదు. కఠారికి రెండు నిలువుకమ్ముల నడుమ అడ్డుకమ్ములుండును. పిడికిలి బిగించి గ్రుద్దినట్లే పొడువవచ్చును. తంజావూరి పాతకఠారులకు పిడికిలిని కప్పు ఇనుపరేకు కూడ కలదు. శ్రీరంగమున శేషగిరిరాయ మండపపు కంబములమీద చెక్కిన యోధులు ఈటెలతోను, కఠారులతోను మృగములను పొడుచుచున్న తీరు చూచినచో ఆ పట్టు బోధపడును. ఇక పటా యనునది మోచేతి వరకు ఇనుపతొడుగు కలది. మణికట్టు కదలదు, భుజమును, నడుమును, పాదములును కలిసి త్రిప్పవలెను. దానికి బరువైన అలుగు బిగించినచో నాలుగు చుట్లకే భుజము జారును. మహారాష్ట్రమున దండపట్టాకు పొడవైన ఫిరంగి అలుగులను బిగించుట ఈ కారణముచేతనే. కాగా మంచి కత్తి యనునది ఒక్కటి లేదు; ఈ పట్టుకు, ఈ దెబ్బకు తగిన కత్తి యున్నది.

వాల్‌హౌసు వ్యాసము వెలువడిన 1878లోనే ఆయుధచట్టమును వచ్చెను. కత్తిని ఎన్నుకొను అవసరమే క్రమముగా తగ్గిపోయెను. స్వతంత్రభారతమున 1959 నాటి చట్టము దాని స్థానమును పొందెను. గరిడీలలో కర్రసాము నిలిచినది. కత్తిసాము ఉత్సవములకు, ఊరేగింపులకు పరిమితమైనది. ప్రదర్శనకత్తులు రేకువలె పలుచనై తళతళలాడును. వానిని మ్రోగించి వినువారు అరుదు. కోనసముద్రమున కొలుములు చల్లారినవి; చిట్టెపు దిబ్బలును, మూసల తునకలును మిగిలినవి. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు విద్యాసంస్థల పరిశోధకులు ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి అట్టి చోట్లను నమోదుచేసిరి. తంజావూరి ఆయుధములు కొన్ని నేడు చెన్నై మ్యూజియమునను, కొన్ని పరదేశములందును ఉన్నవి.

ఆయుధపూజనాడు కుంకుమ పెట్టుటకు పాతకత్తి నొకదానిని దాచుకొన్న ఇండ్లు తమిళసీమలోను, కన్నడసీమలోను ఉన్న మనవారిలో లేకపోలేదు. అట్టి కత్తి పొడవు, బరువు, చేతిలో అది తూగు చోటు వ్రాసియుంచినచో, పిడిమీది నగిషీని వర్ణించుటకంటె చరిత్రకు ఎక్కువ ఉపకరించును. తుప్పు పట్టినదని దానిని సానవానికి ఈయరాదు. నూనె రాసి యుంచిన చాలును. సానచేత చార మరుగుపడినను, తెలిసినవారు మరల తేల్చవచ్చును. కొలిమిలో మితిమీరి కాల్చి కొట్టినచో మాత్రము అది మరల రాకపోవచ్చును. తంజావూరినుండి తూకమునకు పోయిన ఇనుమునకు పట్టిన గతి అదే.