చీనా పండితుని నాలుగు కళలు

మనవారు కళలను అరువదినాలుగుగా లెక్కించిరి. చీనా పండితులకు నాలుగే చాలినవి. ఏడు తంత్రుల ‘చిన్’, నలుపు తెలుపు కాయల ‘వైచీ’, లేఖనము, చిత్రలేఖనము.

నన్నాకర్షించునది లేఖనము. అక్షరము వ్రాసిన కుంచెయే వెదురునూ గీసెడిది. పడిన గీతను మరల దిద్దరాదు. కనుకనే వ్రాతను బట్టి మనిషిని ఎంచెడివారు.

సోంగ్ చక్రవర్తి హ్వేత్సోంగ్ ‘సన్నబంగారు’ లిపిశైలికి కర్త, మేటి చిత్రకారుడు కూడ. లియావో రాజ్యమును కూల్చుటకై 1120లో జుర్చెన్లతో పొత్తు కుదుర్చుకొనెను. వారే తిరుగబడి 1127లో ఆయనను కుమారునితో సహా చెరపట్టిరి. 1135లో చెరలోనే మరణించెను. కళాలోలత్వమే రాజ్యమును ముంచినదని పిమ్మటివారు నిందించిరి. ఈ తీర్పు నాకు సమ్మతము కాదు. ఆ పొత్తు కుదిర్చినది కుంచె కాదు గదా! ఆ లిపిలో ఆయన వ్రాసిన పద్యమొకటి నేటికీ తైపేలోని రాజప్రాసాద సంగ్రహాలయమున భద్రముగా నున్నది.