బాక్సులు ఎక్కడ పెట్టాలె

మంట కాడికి జర దగ్గరికి జరుగుండ్రి. పుష్యమాసం చలి ఇది, ముందట ఎచ్చగున్నా వీపు వణుకుతనే ఉంటది. ఇంకో నాలుగు కందికట్టెలు ఎయ్యి బిడ్డా, తొందరగ అంటుకుంటయ్.

టేపుల కాలం ముచ్చట చెప్పుమని అడిగిండ్రు గద, చెప్త ఇనుండ్రి. జగిత్యాలల రేడియోలు, టేపులు బాగుచేసుకుంట బతికినోన్ని. అన్ని ఏండ్ల పనిల నాకు సమజైన మాట ఒక్కటే: పాట సగం సెట్టుల ఉంటది, తక్కిన సగం స్పీకరు బాక్సులు పెట్టే జాగల, మనం కూసునే జాగల ఉంటది. ఆ రెండో సగానికి పైసలు పెట్టే పని లేదు. కాని దాన్ని పట్టించుకునేటోళ్లే తక్కువ.

మొదట్ల అన్నీ రేడియోలే. మర్ఫీ, బుష్, ఫిలిప్స్. లోపల వాల్వులుండేటియి, స్విచ్చేసినంక అవి ఎచ్చబడేదాక సప్పుడు రాకపోతుండె. అప్పట్ల రేడియోకు పోస్టాఫీసుల లైసెన్సు కట్టాల్సి ఉండె. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950ల ఆకాశవాణిల కలిసింది, 1957ల వివిధ భారతి షురువైంది. రేడియోకు ఉండేది ఒక్కటే స్పీకరు. దాన్ని దిగుట్ల పెట్టినా, కిటికిల పెట్టినా పెద్ద ఫరకు లేదు. వార్తలు ఇనబడితె సాలు.

డెబ్బయిల నడుమ నుంచి మన కరీంనగర్ జిల్లాకెల్లి దుబాయి, మస్కట్, సౌదీ పోవుడు మొదలైంది. రెండు మూడేండ్లకు ఒకపారి బొంబాయిల దిగి, బస్సుల మీద అట్టడబ్బలు ఏసుకొని వచ్చేటోళ్లు. డబ్బల మందపాటి రగ్గు, సెంటు సీసలు, వాటి నడుమ సెట్టు. రేడియో, క్యాసెట్ డెక్కు ఒక్కదాంట్ల ఉండి, రెండు బాక్సులు విడిగ వచ్చే చిన్న స్టీరియో సెట్టు అది. కొందరివాటికి పైన రికార్డులు తిరిగే పళ్లెం సుత ఉండె. వచ్చిన తెల్లారి నాకు కబురు పెట్టేటోళ్లు, "తమ్మీ, బాక్సులు కట్టిపోదువు రా" అని.

ఇంట్లకు పోంగనే నేను ముందట చూసేది సెట్టు ఎనుక భాగం. ఓల్టేజి ఎంత రాసున్నదో చూడాలె. మనది 230 ఓల్టులు. గల్ఫుల అమ్మే చాన సెట్లకు ఎనుక చిన్న స్విచ్చుండేది, 110 మీద ఉంటె 220 మీదికి తిప్పాలె. అది చూడకుంట పెట్టినోళ్ల సెట్టు మొదటి పాటకే పొగలు కక్కేది. జపాన్‌ల అమ్మేటందుకు చేసిన సెట్టయితె 100 ఓల్టులదే. దానికి ట్రాన్స్‌ఫార్మర్ లేకుంట కరెంటు ఇయ్యద్దు. దాని ఎఫ్ఎం సుత 76 నుంచి 90 దాకనే ఉండేది, మన దిక్కు స్టేషన్లు 88 నుంచి 108 నడుమ వస్తయ్. అమెరికాకెల్లి వచ్చిన కొన్ని రికార్డు ప్లేయర్లకు ఇంకో తిప్పలుండె. అక్కడి కరెంటు సెకండుకు 60 చుట్లు, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మోటరు మెల్లగనే తిరిగేది, పాటంత సాగదీసినట్టు వచ్చేది. దుబాయి ప్లగ్గుకు మూడు పలకల పిన్నులు, మన గోడకు గుండ్రటి బొక్కలు. ప్లగ్గు కోసి మనది బిగించుడు నా రెండో పని. మాపటేల బాయిల కాడ మోటర్లు నడుస్తె ఓల్టేజి పడిపోతుండె, అందుకని స్టెబిలైజర్ పెట్టుమనేటోన్ని.

మూడో పని వైర్లు. అసలు ముచ్చట ఇండ్లనే ఉన్నది. ఒక్కో బాక్సుకు రెండు వైర్లు, సెట్టు ఎనుక ఎర్రది ఒకటి, నల్లది ఒకటి. ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లదే కలపాలె. రెండు బాక్సులకూ ఒక్కతీరుగ కలిస్తెనే రెండింటి స్పీకర్ల అట్టలు ఒక్కపారే ముందుకొస్తయ్, ఒక్కపారే ఎనుకకు పోతయ్. ఒకదాని వైర్లు తారుమారైతె, కాడికి కట్టిన ఎడ్లల్ల ఒకటి ముందుకు, ఒకటి ఎనుకకు గుంజినట్టే. బండి కదలదు. బేసు మాయమైతది, గొంతు ఏ దిక్కునుంచి వస్తున్నదో అంతు చిక్కదు. సెట్టు పాడుకాదు, పాట ఆగదు, అందుకే ఎవ్వలకు అనుమానం సుత రాదు.

ఈ తారుమారు ఎట్లుంటదో ఒక ముచ్చట చెప్త. అప్పుడు ఫోన్లెక్కడియి? మస్కట్ల ఉన్న కొడుకు తన అర్రల రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ ముందట కూసోని, ప్లే బటనూ రికార్డు చేసే ఎర్ర బటనూ కలిపి వత్తి, అరగంట మాట్లాడి, క్యాసెట్ తిప్పి ఇంకో అరగంట మాట్లాడి, ఊరికి వచ్చేటోళ్ల చేతికిచ్చి పంపేటోడు. చదువు రాని తల్లులకు అదే ఉత్తరం. ఒక ఊర్లె గట్లనే ఒక అవ్వకు కొడుకు క్యాసెట్ వచ్చింది. సెట్టు అంతకుముందే వచ్చి ఉన్నది, ఇంట్ల పొల్లగాండ్లే వైర్లు కలిపిండ్రు. ఆ అవ్వ నన్ను పిలిపించి, "కొడుకా, వీడు మాట్లాడుతుండు గని యాడికెల్లి మాట్లాడుతుండో తెలుస్తలేదు. ఇంటి ఎనుకకెల్లి అన్నట్టున్నది" అన్నది.

నేను సెట్టు బందు చేసి, ఒక బాక్సు ముందటి జాలీ ఊడదీసిన. టార్చిలైటు సెల్లు ఒకటి తీస్కొని, దాని పైమొనను ఎర్ర వైరుకు, అడుగును నల్ల వైరుకు ఆనిచ్చిన. టిక్కుమని అట్ట ముందుకు వచ్చింది. సరిగున్నట్టు. రెండోదానికి గట్లనే ఆనిస్తె అట్ట లోపలికి పోయింది. ఆ బాక్సు లోపల్నే ఎవరో ఎప్పుడో విప్పి వైర్లు తారుమారు అతికిండ్రు. టంకం కరిగించి వాటిని మార్చి అతికిన. మళ్ల క్యాసెట్ పెట్టి, అవ్వను రెండు బాక్సులకు సమానం దూరంల ఈతచాప మీద కూసోబెట్టిన. కొడుకు గొంతు వచ్చి రెండు బాక్సుల నట్టనడుమ నిలవడ్డది. అక్కడ ఏ బాక్సూ లేదు, సున్నమేసిన గోడ తప్ప. అవ్వ లేసిపోయి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఈడనే ఉన్నడు" అన్నది.

ఆ క్యాసెట్ ఎనుక అంచుకున్న రెండు చిన్న పలుకులు ఇరగ్గొట్టి ఇచ్చిన. అవి ఇరిగితె దాని మీద ఎవ్వలూ మళ్ల రికార్డు చెయ్యరాదు. పొల్లగాండ్లు పొరపాటున ఎర్ర బటను వత్తినా కొడుకు మాట చెరిగిపోదు.

నట్టనడుమ గొంతెట్ల వస్తదని అడుగుతరేమో. మన రెండు చెవులకు ఒక సప్పుడు చేరే టైముల సెకండుల వెయ్యో వంతు తేడా సుత ఉండది. ఆ చిన్న తేడాతోని, ఏ చెవికి ఎంత గట్టిగ ఇనబడ్డదన్నదాంతోని సప్పుడు ఏ దిక్కుదో మనకు తెలుస్తది. రెండు బాక్సులకెల్లి ఒక్కటే గొంతు ఒక్కపారే, ఒక్క తీరుగ చేరితె, ఎదురుంగ నడుమ ఉన్నట్టు అనిపిస్తది. ఇంగ్లాండ్‌ల అలన్ బ్లూమ్లైన్ అని ఒక ఇంజినీరు 1931లనే ఈ స్టీరియో పద్ధతికి పేటెంటు అడిగిండు. స్టీరియో రికార్డులు బజారుకొచ్చింది 1958ల. ఆయన 1942లనే విమాన ప్రమాదంల పోయిండు, తన పని ఇంటింటికి చేరుడు చూడలేదు.

అందుకే నేను ఏ ఇంటికి పోయినా సంచిల ఒక తాడు పెట్టుకునేటోన్ని. రెండు బాక్సుల నడుమ ఎంత దూరమో తాడుతోని కొలిచి, అదే తాడు ఒక్కో బాక్సు నుంచి చాప దాక పట్టేటోన్ని. ఆరు ఫీట్లయితె మూడు దిక్కులా ఆరు ఫీట్లు. ఇగ ఎత్తు. పిల్లలు ముట్టద్దని బాక్సులను అల్మార మీదికి ఎక్కిస్తరు, పాట మన నెత్తి మీదికెల్లి పోతది. చిన్న స్పీకరు, అదే సన్నటి సప్పుడు వచ్చేది, కూసున్నోళ్ల చెవి ఎత్తున ఉండాలె. చాప మీద కూసునే ఇంట్ల చిన్న పీటలు సాలు, కుర్చీలున్న ఇంట్ల ఎత్తు స్టూళ్లు కావాలె. గోడకు జానెడన్న ఎడముండాలె. మూలకు నూకితె బేసు గుమ్మంటది, మాట మసకబారుతది. బాక్సుల మీద క్యాసెట్లు పేర్చద్దు, లోపలి అయస్కాంతం రీలును ఖరాబు చేస్తది. ఆ అయస్కాంతంతోనే అప్పటి కలర్ టీవీల మీద సుత రంగు మరకలు పడేటియి.

గల్ఫు పైసలతోని సెట్టు ఎనుకనే స్లాబు ఇల్లు వచ్చేది. పాత పెంకుటింట్ల కమ్మగ ఇనబడ్డ సెట్టు కొత్త ఇంట్ల గింగురుమనేది. "సెట్టు చెడిపోయింది, చూడు" అని పిలిచేటోళ్లు. సెట్టుకేం కాలేదు. పాత ఇంట్ల మట్టిగోడలు, వడ్ల బస్తాలు, దండెం మీద బొంతలు ఉండేటియి, సప్పుడును మింగేటియి. కొత్త ఇంట్ల నున్నటి గోడలు, నున్నటి గచ్చు, తగిలిన సప్పుడంత మళ్ల ఎనుకకొస్తది. కిందొక జంపఖాన పరిపించి, ఎదురు గోడకు మందపాటి బొంత కట్టిపిస్తె పాట మళ్ల తేటగైతుండె.

బేసు మీద మోజు అందరికీ ఉండె. స్పీకరును కుండ మూతి మీద బోర్లించేటోళ్లు. కుండల గాలి తన సైజును బట్టి ఒక్క స్వరానికే గట్టిగ మోగుతది, ఆ స్వరం వచ్చినప్పుడు ఇల్లంత అదురుతది, తక్కిన తబలా అంత అందులనే మునుగుతది. పెండ్లిల సప్పుడు కావాలని అదే సెట్టుకు ఇంకో రెండు బాక్సులు కలిపేటోళ్లూ ఉండ్రి. సెట్టు ఎనుక ఓములు రాసుంటయ్. 8 ఓముల బాక్సుకు పక్కపొంటి ఇంకొకటి కలిపితె 4 ఓములైతయ్, సెట్టు మీద బరువు డబులైతది, లోపలి ఐసీ కాలుతది. తొంభయిలల్ల ఇంకో మాయ వచ్చింది. డబ్బల మీద వందలు, వేల వాట్లు రాసి, పక్కన చిన్నగ పీఎంపీఓ అని పెట్టేటోళ్లు. అది కండ్లు మూసి తెరిచేంత సేపు వచ్చే లెక్క. ఆగకుంట ఇచ్చే బలం తెలియాలంటె ఆర్ఎంఎస్ అని రాసింది చూడాలె. ఇంటి అర్రకు ఒక్కో పక్కకు పదిహేను వాట్లు నిజంగ ఉంటె మస్తు.

ఇగ క్యాసెట్ ముచ్చట. దాన్ని ఫిలిప్స్ కంపెనీ 1963ల తెచ్చింది. అండ్ల రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు సుత ఉండది, సెకండుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తది. 60 నిమిషాల క్యాసెట్ల 86 మీటర్ల దాక రీలుంటది. అంత సన్నటిది హెడ్డుకు రాసుకుంట పోతె ఎర్రటి మట్టి వదులుతది. హెడ్డుకు మట్టి పడితె ముందుగాల సన్నటి సప్పుళ్లు పోతయ్, గజ్జెలు, తాళాలు ఇనబడయ్. స్పిరిటుల దూది ముంచి హెడ్డును, రబ్బరు రోలరును మెల్లగ తుడవాలె. రోలరు జిగటైతె రీలును లోపలికి గుంజి నములుతది. అప్పుడు దబదబ గుంజద్దు, మూత తీసి ముడత ముడత విప్పి, పెన్సిలు పెట్టి చుట్టుకోవాలె.

1986ల సింహాసనం సినిమా 70 ఎంఎంల వచ్చినంక, టాకీసుల సప్పుడు ఈ పక్కకెల్లి ఆ పక్కకు పోవుడు చూసినోళ్లు, ఇంట్ల ఘంటసాల పాట పెట్టి "రెండు బాక్సులల్ల ఒక్కటే సప్పుడొస్తున్నది, బాగు చెయ్యి" అని వచ్చేటోళ్లు. ఆ పాటలను రికార్డు చేసిందే ఒక్క దారిల. గొంతు నడుమ నిలవడితె అదే దాని సరైన జాగ. కొన్ని సెట్లల్ల వైడ్ అని రాసున్న బటను వత్తితె గొంతు చీలిపోతది. పాత పాటకు ఆ బటను ముట్టద్దు, బ్యాలెన్సు నడుమనే ఉంచాలె. మా అవ్వలకు, తాతలకు ఒక చెవి మందముంటె మాత్రం బ్యాలెన్సును ఆ చెవి దిక్కుకు జర తిప్పి ఇచ్చేటోన్ని.

సీడీలు వచ్చినయ్, పోయినయ్. ఇప్పటి చిన్న సెట్లు ఫోనుకెల్లి పాట తీస్కుంటయ్, రీలు నమిలే బాధ లేదు. కాని గోడలు అవే, చెవులు అవే. చాన ఇండ్లల్ల చూస్తున్న, రెండు బాక్సులనూ టీవీ పక్కన ఒక్కకాడనే ఆనిచ్చి పెడుతున్నరు. పాట చిన్నగైపోయి ఒక మూలకు పడి ఉంటున్నది. లేకపోతె ఎవల చెవుల వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఎవల అర్రల వాళ్లు ఇంటున్నరు. ఇంట్ల నలుగురు ఒక్క పాట కలిసి ఇనుడు పోవద్దని నా కోరిక.

మీ ఇండ్లల్ల సెట్టుంటె నేను చెప్పినట్టు చెయ్యుండ్రి. ముందు బేసు, ట్రెబుల్ నడుమకు పెట్టుండ్రి, సప్పుడు తక్కువ పెట్టుండ్రి. వాయిద్యాలు తక్కువున్న ఒక గొంతు పెట్టి, అది రెండు బాక్సుల నడుమ నిలవడేదాక బాక్సులను జరుపుండ్రి. నిలవడ్డంక ఎదురుంగ కుర్చీ ఏసి, ఇంట్ల పెద్దమనుషులను పిలిచి ముందుగాల వాళ్లను అండ్ల కూసోబెట్టుండ్రి. వాళ్లకు ఏ పాట కావాలెనో అడుగుండ్రి.