పళ్లను సరిచేయడానికి తగిన వయస్సు: ఒక ప్రశ్న, దాని చరిత్ర

"ఎత్తుపళ్లకు క్లిప్పులు ఏ వయస్సులో వేయించాలి?" ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వినిపించి ఉంటుంది. పాలపళ్లన్నీ ఊడేదాకా ఆగమని కొందరు, వయస్సు దాటాక లాభం లేదని కొందరు అంటారు. వైద్యుల సమాధానం కాలక్రమంలో ఎలా మారిందో, ఎందుకు మారిందో ఇక్కడ పరిశీలిద్దాం.

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ ఒక సలహా ఇచ్చాడు. పాలపన్ను ఊడకముందే శాశ్వత దంతం మొలిస్తే, పాలపన్నును తీసివేసి, కొత్తదాన్ని రోజూ వేలితో సరైన చోటికి నెట్టాలి. అంటే అప్పుడే మొలిచిన పన్ను ఒత్తిడికి లొంగుతుందని ఆనాటికే గమనించారన్నమాట. 1728లో ఫ్రాన్స్‌కు చెందిన పియరీ ఫోషార్ తన గ్రంథంలో వంకర పళ్లను లోహపు పట్టీకి దారంతో కట్టి సరిచేసే పద్ధతిని వివరించాడు. అయితే పన్ను ఎందుకు కదులుతుందో అప్పటికి తెలియదు.

1860లో అమెరికా దంతవైద్యుడు ఎమర్సన్ ఏంజెల్ 14 ఏళ్ల బాలిక పై దవడకు మర అమర్చి, రోజూ కొంచెం తిప్పించి, దవడను వెడల్పు చేశాడు. అంగిలి మధ్యనున్న ఎముకల అతుకు విడిందని అతడు చెబితే తోటివారు నమ్మలేదు. ఎక్స్-రే కనిపెట్టింది 1895లో. అందువల్ల అప్పట్లో చూపడానికి ఆధారం లేదు. 1961లో ఆండ్రూ హాస్ పరిశోధనతో ఆ పద్ధతి మళ్లీ వాడుకలోకి వచ్చింది. వయస్సు పెరిగేకొద్దీ ఆ అతుకు బిగుసుకుంటుంది. కాబట్టి ఈ చికిత్స ఎదిగే వయస్సులోనే సులువు.

ఇక పన్ను కదలిక సంగతి చూద్దాం. 1904-05లో స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెడ్ కుక్కల పళ్లను కదిలించి, చుట్టూ ఉన్న ఎముకను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతోంది, రెండో వైపు కొత్త ఎముక ఏర్పడుతోంది. ఎముకలో ఈ మార్పు జీవితాంతం సాగుతుంది. అందువల్ల చిగుళ్లు, ఎముక ఆరోగ్యంగా ఉంటే పెద్దవారి పళ్లనూ కదిలించవచ్చు.

1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ తల ఎక్స్-రేను ఒకే కొలతతో తీసే పద్ధతిని రూపొందించారు. దీంతో ఒకే బిడ్డ దవడ ఏటేటా ఎలా ఎదుగుతుందో కొలవడం సాధ్యమైంది. ఎదుగుదల ఆగాక దవడల మధ్య పెద్ద తేడా ఉంటే క్లిప్పులు చాలవు, శస్త్రచికిత్స అవసరమవుతుందని స్పష్టమైంది.

అయితే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదా? 1990ల నుండి అమెరికాలో, ఆ తర్వాత బ్రిటన్‌లో ఎత్తుపళ్ల పిల్లలను బృందాలుగా చేసి పరీక్షించారు. ముందుగా చికిత్స పొందినవారికీ, కౌమారం దాకా ఆగినవారికీ చివరి ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. కానీ ముందుగా సరిచేస్తే ముందుపళ్లకు దెబ్బ తగిలే ప్రమాదం కొంత తగ్గింది.

ఈ చరిత్రను బట్టి, మొదట మనం వేసుకున్న ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని గ్రహించవచ్చు. పన్నును కదపడానికి వయస్సు అడ్డు కాదు. దవడ ఎదుగుదలను మళ్లించడానికి మాత్రం కాలపరిమితి ఉంది. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 7 ఏళ్లలోపు ఒకసారి చూపించమంటున్నది అందుకే. అది పరీక్షకు చెప్పిన వయస్సు. ప్రతి బిడ్డకూ క్లిప్పులు వేయమని దాని అర్థం కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: ఏంజెల్ పద్ధతికి వయస్సుతో ఉన్న సంబంధం, సాండ్‌స్టెడ్ కనుగొన్న విషయానికి ఎందుకు లేదు? అయిదు వాక్యాలలో రాయండి.