గుడి లేచింది, కొలిమి ఆరింది

పిట్స్‌బర్గ్ చరిత్ర చెప్పమంటే ఇక్కడి పాతకాపులు ఆండ్రూ కార్నెగీతో మొదలుపెడతారు. బ్రాడక్‌లో 1875లో లేచిన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు మిల్లు, 1892 నాటి హోమ్‌స్టెడ్ సమ్మె, 1980ల్లో ఒక్కొక్కటిగా ఆరిపోయిన కొలుములు. మన తెలుగువాళ్ళనడిగితే 1965 వలస చట్టం, దాని వెంట వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, పెన్ హిల్స్ కొండ మీది వేంకటేశ్వరస్వామి గుడి చెబుతారు. రెండూ నిజమే. కానీ కొలుములు ఆరడమూ, గుడి లేవడమూ ఒకే వీధిలో, ఒకే పదిపదిహేనేళ్ళలో పక్కపక్కనే జరిగాయని ఎవరైనా రాయగా నేను చూడలేదు. ఆ వీధిలో పెరిగి, ఈ ఊళ్ళోనే ఉండిపోయినదాన్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

పెన్ హిల్స్, పిట్స్‌బర్గ్ నగరానికి తూర్పున ఉంటుంది. పేరుకు తగ్గట్టే అంతా ఎత్తుపల్లాలు. వెస్టింగ్‌హౌస్‌లో ఇంజనీరైన మా నాన్నగారు డెబ్బైల మొదట్లో ఇక్కడ ఇల్లు కొన్నారు. ఎడమ పక్కింటాయన మొనాంగహేలా నది ఒడ్డున ఒక మిల్లులో పనిచేసేవాడు. ఆయన తండ్రి స్లొవేకియా నుంచి వచ్చాడట. కుడి పక్కవాళ్ళు అలబామా నుంచి వచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబం. మిల్లులో మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు చేసొచ్చినాయన పడుకుంటే పగలు ఆ ఇంటి ముందు బంతాట ఆడకూడదు. ఎవరింటి పిల్లలైనా ఆ కట్టుబాటు తప్పేవాళ్ళు కాదు. మా గొంతు లేస్తే అమ్మ వెంటనే వెనక దొడ్లోకి తోలేసేది.

చలికాలం పొద్దున్నే అందరిళ్ళలోనూ కేడీకేఏ రేడియో మోగేది. 1920 నుంచీ నడుస్తున్న స్టేషన్ అది. మంచుకు మూసిన బళ్ళ పేర్లు వరసగా చదువుతుంటే పెన్ హిల్స్ వచ్చేదాకా మా ప్రాణాలు అరచేతిలో. సాయంత్రం టీవీలో పిల్లల కార్యక్రమంలో మిస్టర్ రోజర్స్ వచ్చేవాడు. ఆ కార్యక్రమం తీసేది మా ఊరి స్టేషన్ డబ్ల్యూక్యూఈడీలోనే అని తెలిశాక, ఆయన మా వీధి చివరే ఎక్కడో ఉంటాడని నమ్మేశాను.

ఏడాదంతా ఎదురుచూసేది మాత్రం కెన్నీవుడ్ రోజుకోసం. 1898లో పుట్టిన ఆ వినోదవనంలో ఇక్కడి బళ్ళకు పిక్నిక్ రోజులు కేటాయించేవారు. మా బడి రోజున వీధి వీధంతా కదిలేది. పొద్దున్నే వెళ్ళి షెడ్ల కింద బల్లమీద గుడ్డ పరచి, తిండి బుట్ట పెట్టేసి, ఇక సాయంత్రం దాకా దాని వంక చూసేవాళ్ళు కాదు. ఎవరూ ముట్టేవారు కాదు కూడా. మా బుట్టలో పులిహోర, పక్కింటివాళ్ళ బుట్టలో బంగాళాదుంప సలాడ్. మధ్యాహ్నానికి రెండూ ఒకే బల్లమీదకి చేరేవి. 1920లో కట్టిన జాక్ రాబిట్ చెక్క కోస్టర్, లోయ వాలునే వాడుకుంటూ ఒక్క ఊపున రెండుసార్లు కిందికి జారుతుంది. రెండో జారుడులో ఒళ్ళు సీటు వదిలి గాల్లోకి లేచేది. గట్టు అంచున నిలబడితే నదికవతల ఎడ్గర్ థామ్సన్ పొగ గొట్టాలు కనిపించేవి. ఎడమ పక్కింటాయన మా పిల్లలందరినీ అక్కడికి తీసుకెళ్ళి, ఉక్కు ఎక్కడ కరుగుతుందో, ఎక్కడ పోస్తారో వేలుపెట్టి చూపించేవాడు. అంత ఇష్టంగా తన పని గురించి చెప్పినవాళ్ళను తర్వాత నేను ఎక్కువమందిని చూడలేదు.

గుడికి 1976 జూన్ 30న శంకుస్థాపన, 1977 జూన్ 8న కుంభాభిషేకం జరిగాయి. తిరుమల తిరుపతి దేవస్థానం సాయం చేసింది. ఇండియా నుంచి శిల్పులు వచ్చారు. ఆదివారాలు నాన్నగారితో వెళ్ళి వాళ్ళ పని చూసేదాన్ని. ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, చిన్న తాపీతో తడి సిమెంటు కొద్దికొద్దిగా అద్దుతూ ఒకాయన ద్వారపాలకుడి వేళ్ళు చేస్తున్నాడు. ఒక్కో వేలికీ గోరు తీర్చి, పక్కకు వంగి చూసి, నచ్చక చెరిపి మళ్ళీ చేశాడు. మాతో వచ్చిన పక్కింటాయన చాలాసేపు కదలకుండా చూశాడు. పనివాడి చేతిని పనివాడే గుర్తుపట్టాడు.

ఆ రోజుల్లో ఊరికి గెలుపు మీద గెలుపు. ఫుట్‌బాల్‌లో ఆరేళ్ళలో స్టీలర్స్ నాలుగు సూపర్ బౌల్స్ గెలిచారు. బేస్‌బాల్‌లో 1979లో పైరేట్స్ వరల్డ్ సిరీస్ తెచ్చారు. మా ఇంట్లో కూడా స్టీలర్స్ అభిమానుల పసుపు తువ్వాలు ఊపారు.

ఆ వెంటనే మిల్లులు మూతపడడం మొదలైంది. 1986లో హోమ్‌స్టెడ్ మిల్లు కూడా ఆగింది. ఎడమ పక్కింటి పెద్ద కొడుకు పనికోసం హ్యూస్టన్ వెళ్ళిపోయాడు. నా ఈడు పిల్లలు చాలామంది అదే దారి పట్టారు. సరిగ్గా అప్పుడే గుడి ముందు ఒహాయో, న్యూజెర్సీ, ఓంటారియో నంబరు ప్లేట్ల కార్లు నిండుతున్నాయి. పుట్టువెంట్రుకలకనీ, పెళ్ళిళ్ళకనీ జనం వస్తున్నారు. మాకు ఊరు నిండుతున్నట్టుంటే, పక్కింటివాళ్ళకు ఖాళీ అవుతున్నట్టుంది. ఆ తేడా నాకు పెద్దయ్యాక గాని బోధపడలేదు.

మా అక్క పెళ్ళి గుడిలోనే చేశాం. ఇక్కడ పెళ్ళంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రకరకాల కుకీలు చేసి తెచ్చి ఒక బల్ల నింపాలి. పెద్దకొడుకు దూరమైన దిగులులో ఉండి కూడా పక్కింటావిడ రెండు రాత్రులు కూర్చుని పిజెల్లు, లేడీ లాక్స్ చేసింది. వాటిలో గుడ్లుంటాయని గుడిలోకి తేకుండా, సాయంత్రం విందు హాల్లో లడ్డూల పక్కన తనే సర్దింది.

ఇప్పుడు హోమ్‌స్టెడ్ మిల్లు స్థలంలో షాపింగ్ సెంటర్ ఉంది. పాత గొట్టాలు పన్నెండు మిగిల్చారు. ఎడ్గర్ థామ్సన్ ఇంకా పనిచేస్తోంది. పార్క్‌వే మీద వెళ్తుంటే చెట్ల పైన మా గుడి గోపురం కనిపిస్తుంది. ఆ వీధివాళ్ళ ఫొటోలు నేను కూడబెడుతున్నాను. కెన్నీవుడ్ బల్లల దగ్గర తీసినవి, కుంభాభిషేకం నాటివి. చాలావాటి వెనక పేర్లు లేవు. ఆ మొహాలు గుర్తుపట్టగలవాళ్ళు ఎనభైలు దాటారు. వచ్చే వేసవిలోగా ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించాలి.